నహారీ గిన్నె, క్రియాటిన్ డబ్బా

బహదూర్‌పురాలో జూపార్కు దగ్గర్నుంచి కిషన్‌బాగ్ వైపు నడిస్తే జిమ్ముల బోర్డులకు కొదవుండదు. లోపల అలమరాలో డబ్బాలు రెండు రకాలు: పెద్దది వే ప్రొటీన్, చిన్నది క్రియాటిన్. కుర్రాళ్లకు పెద్ద డబ్బా మీద మోజు, చిన్నదాని మీద అనుమానం. “ఇది స్టెరాయిడ్ కాదు కదా భాయ్?” అని గొంతు తగ్గించి అడుగుతారు. కాదు. నన్నడిగితే జేబు తేలికగా ఉన్నవాడు అనుమానపడాల్సింది పెద్ద డబ్బానే. ఎందుకో తెలియాలంటే చిన్న డబ్బా పుట్టుక చెప్పుకోవాలి. అందులో అసలు మలుపు ఒక భీమవరం మనిషిది.

క్రియాటిన్ మొదట దొరికింది మాంసం ఉడికించిన నీళ్లలో. 1832లో షెవ్రెల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త దాన్ని వేరుచేశాడు. పొద్దున్నే నహారీ, పెళ్లిలో మరగ్ తాగే పాతబస్తీకి ఇది ఎరగని సరుకేం కాదు. మాంసం ఉడుకుతుంటే కొంత క్రియాటిన్ ఆ రసంలోకి దిగుతుంది. ఆ తర్వాత 1847లో జర్మనీలో లీబిగ్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక వింత రాశాడు: వేటలో పరుగెత్తి చచ్చిన నక్కల కండలో, బోనులో పెంచిన నక్క కండలో కంటే క్రియాటిన్ పదింతలుందని. ఆ పదింతల లెక్కను ఇవాళ ఎవరూ పట్టుకు కూర్చోరు గానీ, పనిచేసే కండకూ ఈ పదార్థానికీ లంకె ఉందన్న ఊహకు అది నాంది.

లీబిగ్ అక్కడితో ఆగలేదు. 1865లో ఆయన పేరుతో కంపెనీ పెట్టి, ఉరుగ్వేలో పశువుల మాంసాన్ని ఉడికించి, ఆ రసాన్ని చిక్కగా ఇగిర్చి సీసాల్లో అమ్మారు. దాదాపు ముప్పై కిలోల మాంసానికి ఒక కిలో సారం! బలానికి మందన్నట్టు ప్రచారం జరిగింది. తీరా చూస్తే మాంసకృత్తులు ఉడికిన పిప్పిలోనే మిగిలిపోయాయి, సీసాలోకి వచ్చింది చాలా మటుకు రుచీ ఉప్పూ. సప్లిమెంట్ల వ్యాపారానికి లేబులు రాయడం అప్పుడే బాగా వచ్చేసింది.

ఇక భీమవరం మనిషి. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టారు, మద్రాసులో వైద్యం చదివారు, 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. ఆస్పత్రిలో కూలిపనికి కుదిరి చదువు సాగించారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర చేసిన పని పైకి చాలా చప్పగా కనిపిస్తుంది: రక్తంలో, కండలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే తేలిక పద్ధతి కనిపెట్టడం. మాలిబ్డేట్, దాంతో మరో రసాయనం కలిపితే నీలం రంగు తేలుతుంది, రంగు ముదిరినకొద్దీ ఫాస్ఫేటు ఎక్కువన్నమాట. 1925లో అచ్చయిన ఈ ఫిస్క్–సుబ్బారావు పద్ధతిని ప్రయోగశాలలు దశాబ్దాలు వాడుకున్నాయి.

కండ నుంచి తీసిన ద్రవంతో మాత్రం పేచీ వచ్చింది. నీలం రావాల్సినంత వేగంగా రాలేదు. మొదట తక్కువ, క్షణక్షణానికి కాస్త ఎక్కువ. పద్ధతిలో లోపమని సర్దుకుపోవచ్చు. వాళ్లు సర్దుకోలేదు. ఫాస్ఫేటు దేనికో అంటుకుని ఉందనీ, ఆమ్లంలో మెల్లగా విడిపోతోందనీ పట్టుకున్నారు. ఆ జంట పదార్థం క్రియాటిన్. కండ పనిచేస్తే ఆ జంట విడిపోతుంది, విశ్రాంతిలో మళ్లీ కలుస్తుంది. 1927లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఈ ఫాస్ఫోక్రియాటిన్ కబురు, కండ కదలికకు మూలం లాక్టిక్ ఆమ్లమేనన్న నాటి నమ్మకాన్ని కదిలించింది. ఆ నమ్మకం నిలబెట్టిన హిల్, మేయర్‌హాఫ్ అనే శాస్త్రవేత్తలకు 1922 నోబెల్ బహుమతి దక్కింది. సుబ్బారావుకు హార్వర్డ్‌లో స్థిరమైన కొలువు కూడా దక్కలేదు.

అప్పటికీ ఇది తినే సరుకన్న ఆలోచన లేదు. 1992లో హారిస్, సోడర్‌లుండ్, హల్ట్‌మన్ అనే పరిశోధకులు అయిదేసి గ్రాముల క్రియాటిన్‌ని రోజుకు నాలుగు లేదా ఆరుసార్లు ఇచ్చి, కండలో నిల్వ పెరుగుతుందని చూపారు. అయిదు గ్రాములంటే కిలో పైచిలుకు పచ్చి మాంసంలో ఉండేంత. అదే ఏడాది బార్సిలోనా ఒలింపిక్స్ అయ్యాక పేరు పాకింది, డబ్బాలు వచ్చాయి. ఇప్పుడు రోజుకు మూడు నుంచి అయిదు గ్రాములు చాలంటున్నారు.

ఇక్కడే బేరం తిరగబడుతుంది. మూడు గ్రాములు వంటింట్లోంచి రావాలంటే రోజూ అరకిలో దాటి మాంసం తినాలి, ఏ పహిల్వాన్ ఇంట్లోనూ ఇప్పుడది కుదరదు. పొడి అయితే ఇరానీ చాయ్ ఖరీదు దాటదు. ప్రొటీన్ సంగతి దీనికి సరిగ్గా ఎదురు. అరవై కిలోల కుర్రాడు బరువులెత్తుతుంటే కిలోకు 1.6 గ్రాముల లెక్కన 96 గ్రాములు, అంతకు మించి తిన్నా కండకు అదనంగా పెద్దగా ఒరిగేదేం లేదు. అన్నం, పప్పు, ఇంటి కూరల్లో సగం వచ్చేస్తుంది. నాలుగు గుడ్లకు ఇరవై నాలుగు, అర లీటరు పాలకు పదహారు, యాభై గ్రాముల సెనగలకు తొమ్మిదీ పదీ కలిపితే మిగతా సగం కూడా తీరిపోయింది. అంతే ప్రొటీన్ కోసం రెండు స్కూపుల వే వేసుకుంటే దాదాపు రెట్టింపు ఖర్చు. మూసీకి అవతల తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ప్రొటీన్ పొడులు రోజూ వాడొద్దనే చెప్పింది: చక్కెరలు, తీపి రసాయనాలు, కృత్రిమ రుచులు కలిసి ఉండొచ్చని. పాలు అరగనివాడికి, రోజంతా బండి మీద తిరిగేవాడికి వే స్కూపు సౌకర్యమే, కాదనను. కాని అది సౌకర్యానికి కట్టే ధర.

క్రియాటిన్ కూడా అందరికీ అక్కర్లేదు. శరీరం రోజుకు ఒక గ్రాము దాకా సొంతంగా తయారుచేసుకుంటుంది. శాకాహారుల కండల్లో నిల్వ తక్కువ కాబట్టి తేడా వాళ్లకే ఎక్కువగా తెలుస్తుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడక్కుండా ముట్టుకోకూడదు. బాగున్నవాళ్లు కూడా రక్తపరీక్షకు వెళ్తే డబ్బా సంగతి చెప్పాలి, ఎందుకంటే రిపోర్టులో క్రియాటిన్ నుంచే తయారయ్యే క్రియాటినిన్ కాస్త పెరిగి కనిపించవచ్చు. ఆ క్రియాటినిన్‌ను రంగుతో కొలిచే పద్ధతిని 1904లో ప్రచారంలోకి తెచ్చిన ఒట్టో ఫోలిన్, సుబ్బారావు పనిచేసిన హార్వర్డ్ విభాగానికే అధిపతి.