పనియు విరామమును



"మా కాలమున ఇన్ని సెలవు లెక్కడివి?" అను మాట పలమనేరు రచ్చకట్టలపై వినబడని సాయంకాలము లేదు. నేనును ఆ మాట పలికినవాడనే. బెంగుళూరులో కొలువు సేయు మా కుమారుడు మొన్న ఇంటికి వచ్చియుండగా, ఆదివారమునాడు కార్యాలయమునుండి ఫోను వచ్చెను. "నేడు విరామదినము, రేపు చూచెదను" అని వాడు బదులు చెప్పెను. "ముప్పదియైదేండ్లు పాఠములు చెప్పితిని, ఎన్నడైన నిట్లంటినా?" అని గద్దించితిని. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మన పెద్దలకు నిజముగా విరామము లేకుండెనా యని విచారింపసాగితిని.

లేకేమి? వెనుకటి పాఠశాలలలో పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమ లేక అమావాస్య అనధ్యయనములు. అనగా నెలకు ఎనిమిది దినములు చదువునకు సెలవు. సుందరకాండమున వాల్మీకి కృశించిన సీతను పాడ్యమినాడు చదువువాని విద్యతో పోల్చియున్నాడు. సేద్యగాండ్రలో పలువురు సోమవారము ఎద్దుల మెడపై కాడి పెట్టరు. వడ్రంగులు, కమ్మరులు అమావాస్యనాడు పనిముట్లు ముట్టని యాచారము కలదు. మనవారు దానిని ఆచారమనిరి గాని సెలవనలేదు. కావుననే మనకు సెలవు లేకుండెనని భ్రమపడుచున్నాము.

పిదప చంద్రుని లెక్క పోయి గడియారపు లెక్క వచ్చినది. 1864లో జోలార్పేట నుండి బెంగుళూరునకు వేసిన ఇనుపదారి మన కుప్పము మీదుగనే పోయెను. పట్టణములందు మిల్లులు లేచినవి. మిల్లునకు పాడ్యమి లేదు, అమావాస్య లేదు. 1881 నాటి చట్టము ఏడేండ్లు నిండిన పిల్లలచేత సైతము దినమునకు తొమ్మిది గంటలు పని చేయించుట కొప్పుకొనెను. 1911లో బట్టల మిల్లులలోని మగవారికి పండ్రెండు గంటల మితి యేర్పడెను.

1918 ఏప్రిల్‌లో చెన్నపట్టణమున బి.పి. వాడియా అధ్యక్షతన మద్రాసు కార్మికసంఘము పుట్టెను. ఆయన అనీబిసెంటు అనుచరుడు. మదనపల్లెలో 1915లో కళాశాల నెలకొల్పిన దివ్యజ్ఞాన సమాజమువాడు. మధ్యాహ్న భోజనమునకు చాలినంత వ్యవధి లేకుండుట ఆ కూలీల మొరలలో నొకటి. తుదకు 1948 చట్టము వారమునకు నలువదియెనిమిది గంటల మితిని, ఒక విరామదినమును విధించెను. నే గద్దించిన ఆ ఆదివారము వెనుక ఇంత కథ యున్నది.

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ స్థాపకులలో నొకరగు నారాయణమూర్తిగారు యువకులు వారమునకు డెబ్బది గంటలు పనిచేయవలెననిరి. ఆయన మన పొరుగుననే శిడ్లఘట్టలో జన్మించినవారు. ఆ డెబ్బదిని ఆరు దినములకు పంచినచో దినమునకు పదునొకండున్నర గంటలకు మించును. ఇది 1911 నాటి మితికి దగ్గరగా నున్నది గదా!

ఈ సంగతులన్నియు మా యింట చెప్పగా, నా భార్య నవ్వి, "మీ అనధ్యయనములలో నా పొయ్యికి ఒకటైన నుండెనా?" అనెను. నాకు మాట రాలేదు. పండుగనాడు మనకు విశ్రాంతి, ఆమెకు ఇమ్మడి పని. పాలేరు సోమవారము ఎద్దులను విప్పెనే గాని, కొట్టము ఊడ్చుట మానలేదు. వెట్టిచాకిరిని మాన్పు చట్టము 1976లో గాని రాలేదు. మన పూర్వుల విశ్రాంతి సత్యమే. అది అందఱికి లేదనుటయు సత్యమే.

మన సీమలో పట్టుపురుగులు పెంచువారు పెక్కండ్రు. ఆ పురుగు రేయింబవళ్లు మేయును గాని, గూడు కట్టులోపల నాలుగుమారులు మేత మాని, కదలక, పాత చర్మమును విడుచును. అప్పుడు ఆకు వేయుట తగదని మనమే పిల్లలకు నేర్పుదుము. పురుగునకు చూపు ఓర్పు కొడుకునకు చూపనైతిని.

వచ్చు ఆదివారము వాడు వచ్చినపుడు ఈ మాట వానితో చెప్పుకొందును. ఆనాటి వంట తండ్రికొడుకులము మేమే చేయుదుమని ఇంట మాట యిచ్చితిని. సెలవు.