నేర్చుకుంటూ నగరాన్ని కాపాడుకోవడం: బుడమేరు చెప్పిన పాఠం

వరద తర్వాత నీళ్లు ఎక్కడ నిలిచాయి, ఎవరు ఎక్కువ నష్టపోయారు అన్నది అక్కడి జనం దగ్గరే తెలుసుకుని వచ్చే ప్రణాళికలో చేర్చడాన్ని నేర్చుకుంటూ సర్దుకునే పద్ధతి అంటారు. వాతావరణ మార్పును తట్టుకోవడానికి పెరుగుతున్న నగరాలకు ఇది చాలా అవసరం. పల్లంలో ఉన్న పేద ఇంటికి రక్షణ అందితేనే అది న్యాయమైన ప్రణాళిక.

2024లో ఏం జరిగింది?

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఏటి ఒడ్డున ఉన్న కృష్ణలంకకు రక్షణ గోడ అండగా నిలిచింది. నగరం ఇంకోవైపు మాత్రం బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. 2005లోనూ బుడమేరు విజయవాడను ముంచింది. ముప్పు తెలిసిందే, దానికి తగ్గ పనులే పూర్తి కాలేదు.

తర్వాత ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్లకు రూ. 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు రూ. 10 వేలు సాయం ప్రకటించింది. వరద ఒక్కటే అయినా నష్టం అందరికీ ఒకటి కాదన్న లెక్క అందులో ఉంది.

పామర్రుకు ఏం సంబంధం?

బుడమేరు చివరికి కొల్లేరులో కలుస్తుంది. 2024లో గుడివాడ పక్కనున్న నందివాడ మండలం ఊళ్లు కూడా మునిగాయి. నగరం నీళ్లు ఎటు పంపాలన్న నిర్ణయం దిగువనున్న మన ఊళ్ల పొలాలనూ తాకుతుంది. పామర్రు కూడా పెరుగుతోంది. పంట బోదెలు, మురుగు కాలువలు పూడ్చి ఇళ్లు కడితే రేపు అదే ఇబ్బంది.

గోరఖ్‌పూర్ దారి

2008లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో మొదలైన కార్యక్రమంలో సూరత్, ఇండోర్, గోరఖ్‌పూర్ చేరాయి. అధికారులు, నిపుణులు, స్థానికులు ఒకచోట కూర్చుని పలుమార్లు చర్చించారు. గోరఖ్‌పూర్ మహేవా వార్డులో జనమే కమిటీలుగా ఏర్పడి చెత్త, మురుగు పారుదల సంగతి చూసుకున్నారు. చెత్త తీస్తే కాలువ పారుతుంది, నీళ్లు నిలవడం తగ్గుతుంది.

మన మహల్లాలో చేయగలిగేవి

• నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద తేదీతో గుర్తు పెట్టాలి.
• ముసలివాళ్లు, గర్భిణులు, మంచం పట్టినవాళ్లు ఉన్న ఇళ్ల జాబితా రాసుకోవాలి. అద్దెకున్నవాళ్లను వదలకూడదు.
• హెచ్చరిక తెలుగులోనూ, ఉర్దూలోనూ మస్జిద్ మైకు ద్వారా చెప్పించాలి.
• ఆడవాళ్ల మాట విడిగా వినాలి. నీళ్లు, వంట, మరుగుదొడ్డి కష్టం వాళ్లకే ఎక్కువ తెలుసు.
• ఏటి గట్టు మీద ఇళ్లు తీయాల్సివస్తే ముందు ప్రత్యామ్నాయ చోటు చూపమని అడగాలి.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, వానాకాలం రాకముందే సచివాలయంలో ఇచ్చి రశీదు తీసుకోండి.