ఉడుత వీపు మీద మూడు గీతలు

భద్రాచలంలో చెట్టు మీద ఉడుత కనిపిస్తే చాలు, పక్కనున్న పిల్లలకి పెద్దవాళ్లు కథ ఎత్తుకుంటారు. వారధి కట్టేటప్పుడు ఉడుత ఇసుకలో పొర్లి, ఒంటికంటిన ఇసుకను రాళ్ల సందుల్లో దులిపింది. రాముడు మురిసిపోయి వీపు నిమిరాడు. ఆ వేళ్ల గుర్తులే చారలయ్యాయి. చందా పుస్తకంలో వంద రాసేవాళ్లు ఇప్పటికీ అనే "ఏదో ఉడుతాభక్తి" అన్న మాట ఈ కథలోదే.

ఇంత పేరున్న కథ వాల్మీకంలో లేదు! తెలుగులో గోన బుద్ధారెడ్డి పేరుతో ఉన్న 13వ శతాబ్దపు రంగనాథ రామాయణంలో ఉంది. అంతకు కొన్ని వందల ఏళ్ల ముందే తమిళంలో తొండరడిప్పొడి ఆళ్వారు ఇసుకలో పొర్లిన ఉడుతల్ని తలుచుకున్నాడు. అంటే ఇది దక్షిణాది కథ. ఉడుత వీపు కూడా ఆ మాటే చెబుతుంది. మన దగ్గర తిరిగే ఉడుతకి తెల్లచారలు మూడు. ఉత్తరాదిన ఎక్కువగా కనిపించేది వేరే జాతి, దానికి ఐదు.

వేపచెట్టు మొదట్లో తలకిందులుగా ఆగిన ఉడుతని ఓసారి నిదానంగా చూడండి. నడిమి చార తల దగ్గర మొదలై తోక దాకా సాగుతుంది. పక్క చారలు రెండూ ముందుకాళ్ల నుంచి వెనకకాళ్ల వరకే. మన మూడు వేళ్లలో నడిమిది పొడుగు కదా! కథ అల్లినవాళ్లు ఉడుతని ఎంత దగ్గరగా చూశారో నాకక్కడ తెలిసింది.

ఇక చార ఎలా పడుతుందంటే, 2016లో రికార్డో మల్లారినో బృందం ఆఫ్రికా చారల ఎలుకల్లో దాని గుట్టు పట్టింది. పిల్ల తల్లి కడుపులో ఉండగానే, తెల్లచార రావలసిన చోట ఏఎల్ఎక్స్3 అనే జన్యువు జోరుగా పనిచేస్తుంది. రంగునిచ్చే కణాలని అక్కడ ఎదగనివ్వదు. ఉడుతల చుట్టమైన చిప్‌మంక్‌లోనూ ఇదే తీరు కనిపించింది.

భద్రాచలానికి 35 కిలోమీటర్ల దూరంలోని పర్ణశాలలో ఇంకో కథ వింటాం. మారీచుడు బంగారు లేడిగా వచ్చింది అక్కడికేనంటారు. వాల్మీకి ఆ లేడి ఒంటికి వెండి చుక్కలు పెట్టాడు. కిన్నెరసాని అడవిలో తిరిగే దుప్పికి ఉన్నవీ తెల్లచుక్కలే. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే ఎండపొడలో అది కదలకుండా నిలబడితే చుక్క ఏదో వెలుగు ఏదో పోల్చుకోలేం. పెద్దపులిది కూడా దాగుడుమూతల బట్టే. దుప్పి కంటికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. మనకి నారింజ రంగులో మెరిసే పులి దానికి పచ్చని పొదల్లో కలిసిపోతుంది.

తూర్పు కనుమల అడవుల్లో బెట్టుడుత అని పెద్దది ఒకటుంది. కొమ్మ దిగి నేల మీదికి రావడమే అరుదు. దాని వీపు మీద ఒక్క చారా లేదు. ఈసారి భద్రాద్రి వెళ్లినప్పుడు పిల్లలకి రాముడి కథ తప్పకుండా చెప్పండి. చెప్పాక, ఉడుత కనిపిస్తే ఆ చారలు వాళ్ల చేతనే లెక్కపెట్టించండి.