బయానా సొమ్ము ఎక్కడ ఉంటుంది?

వస్తువు చేతికి రాకముందే ఇచ్చే సొమ్మును మనం బయానా అంటాం. మన కన్నడ ఇరుగుపొరుగువారు ముంగడ అంటారు. పేరేదైనా అడగవలసిన ప్రశ్న ఒకటే: వస్తువు వచ్చేదాకా ఆ సొమ్ము ఎక్కడ ఉంటుంది?

కొన్నేళ్ళ క్రితం బెంగళూరులో మా బడికి బెంచీలు చేయించాం. వడ్రంగి అడిగినంతా ముందే ఇచ్చాం. ఆరు నెలలైనా బెంచీలు రాలేదు. వెళ్ళి చూస్తే, మా డబ్బుతో మాకంటే ముందు బయానా ఇచ్చినవారి తలుపులు తయారవుతున్నాయి! మా బెంచీలు కావాలంటే మరొకరు బయానా ఇవ్వాలన్నమాట. అతను మోసగాడు కాడు, లెక్క తప్పినవాడు.

కార్లకు కరువున్న రోజుల్లో ప్రభుత్వం ఇందుకు ఒక కట్టుబాటు చేసింది. 1959 నాటి నియంత్రణ ఉత్తర్వు కింద, కారుకు పేరు నమోదు చేసుకున్నవారు డిపాజిట్టును పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో వేసి, దాన్ని డీలరు పేర తాకట్టు పెట్టేవారు. ఏళ్ళ తరబడి ఎదురుచూపు తప్పేది కాదు గాని, సొమ్ము మాత్రం భద్రంగా ఉండేది.

ఇక మన కాలానికి వద్దాం. 2021 జూలై 15న బెంగళూరుకు చెందిన ఓలా ఎలక్ట్రిక్ సంస్థ 499 రూపాయలకు స్కూటర్ బుకింగులు తెరిచింది. ఒక్క రోజులో లక్ష వచ్చాయని ప్రకటించింది. కర్మాగారం మన సరిహద్దులోనే, కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో. చీరల పోచంపల్లి కాదు సుమా! అమ్మకాలు సెప్టెంబరులో జరిగితే, కొన్నవారు బండి నడిపి చూసింది నవంబరులో. అక్టోబరులో ఇస్తామన్న బండ్లు డిసెంబరు 15 నుంచి అందడం మొదలైంది. చిప్పుల కొరత కారణమన్నారు. ఆ 499 రూపాయలు వాపసు తీసుకునే వీలుండేది, సంస్థ వెనుక పెద్ద పెట్టుబడిదారులూ ఉండేవారు. కనుక ఆలస్యమైనా బండ్లు వచ్చాయి.

అలాంటి అండ లేని చిన్న సంస్థ సంగతేమిటి? అమెరికాలో పిన్‌బాల్ అనే ఆట యంత్రం ఉంది. అద్దం కింద ఉక్కు గుండు పరుగెడుతుంటే మీటలతో కొట్టి ఆడతారు. 2011లో పేరున్న ఒక రూపకర్త ‘మ్యాజిక్ గర్ల్’ అనే యంత్రం చేస్తానని అభిమానుల దగ్గర వేల డాలర్లు ముందే తీసుకున్నాడు. నమూనాలకూ, మార్పులకూ సొమ్ము కరిగిపోయింది. 2015లో డబ్బు అయిపోయిందని తేలింది. తరువాత మరో సంస్థ చేతిమీదుగా కొందరికి యంత్రాలు అందినా, అవి సరిగా ఆడేవి కావు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టయింది.

శ్రోతలారా, బయానా ఇచ్చినవాడు తనకు తెలియకుండానే అప్పిచ్చినవాడవుతాడు. వడ్డీ లేదు, తాకట్టు లేదు. సంస్థ దివాళా తీస్తే తాకట్టున్న బ్యాంకుల వెనుక నిలబడాలి.

అందుకని పనిచేసే నమూనాను కళ్ళారా చూడండి. వాపసు షరతు కాగితం మీద రాయించుకోండి. పోయినా ఇల్లు గడిచేంత మొత్తమే ఇవ్వండి. రశీదు దాచుకోండి. కొంత సొమ్మే చెల్లించినా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు వినియోగదారులే. 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

మా బెంచీలంటారా? మరో రెండు నెలలకు సగం వచ్చాయి. మిగతా సగం పిల్లలు ఆ ఏడాదంతా చాపల మీదే కూర్చున్నారు. వాళ్ళని చూసినప్పుడల్లా, ఆ రోజు నేను అడగని ప్రశ్న గుర్తుకొచ్చేది. సెలవు.