కువైట్ చమురు సంక్షోభం (1990-91): చిత్తూరు వలస జీవనం

చమురు ఉత్పత్తి భూగర్భ నిల్వలపైనే కాక రాజకీయ స్థిరత్వంపైనా ఆధారపడుతుందని కువైట్ చరిత్ర నిరూపిస్తోంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. ఆగస్టు 6న ఐక్యరాజ్యసమితి విధించిన ఆంక్షలతో ఉభయ దేశాల చమురు ఎగుమతులు స్తంభించాయి. 1991లో వెనుదిరిగిన ఇరాక్ సేనలు 600కు పైగా బావులకు నిప్పుపెట్టాయి. చివరి మంట నవంబరులో ఆరింది.

ఈ అస్థిరత చిత్తూరు, కడప జిల్లాల వలస కుటుంబాలనూ తాకింది. లక్షన్నరకు పైగా భారతీయులు, ప్రధానంగా అమ్మాన్ మీదుగా, విమానాల్లో స్వదేశం చేరారు. వారు ఇంటికి పంపే సొమ్ము ఆగిపోయింది. చమురు దిగుమతి వ్యయం పెరగడంతో భారత విదేశీ మారక సంక్షోభం తీవ్రమైంది.

బావులు తిరిగి పనిచేశాయి. కూలీల నష్టం మాత్రం పీపాల లెక్కల్లో కనిపించదు. కనుక తిరుపతి, చిత్తూరు ప్రాంతాల వలసదారుల మౌఖిక కథనాలను సేకరించడం చమురు చరిత్ర రచనకు అత్యావశ్యకం.