టిక్కెట్టు సరే, బస్సేదీ?

మా పెద్దమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. కృష్ణా జిల్లాలో ఓ పల్లెటూళ్ళో ఉంటుంది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకి బస్సు ప్రయాణం ఉచితమయ్యిందో లేదో, ఆధార్ కార్డుని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరుని చేతిరుమాల్లో చుట్టి, దాన్ని కాస్తా బొడ్లో దోపుకుని సిద్ధమైపోయింది. "బందరు వెళ్ళి కళ్ళు చూపించుకొస్తానే. ఇహ ఛార్జీకి మీ పెదనాన్నని దేబిరించక్కర్లేదు" అంది ఫోన్లో, చిన్నపిల్లలా సంబరపడిపోతూ.

పది రోజులు పోయాక కళ్ళ సంగతేమయిందని అడిగాను.

"టిక్కెట్టు సరేనే అమ్మాయ్, బస్సేదీ?" అంది.

వర్షాలకి ఊరి ముందు కల్వర్టు కుంగిందట. బస్సు పక్క ఊళ్ళోనే వెనక్కి తిరిగిపోతోందట. ఆ పక్క ఊరు మైలున్నర దూరం. పడుచువాళ్ళకి మైలున్నర ఒక లెక్కా? మోకాళ్ళు అరిగిన మనిషికి అది కాశీయాత్ర. ఆటో ఎక్కితే వాడికివ్వాలి డబ్బు. ఉచిత ప్రయాణానికి ముందు ఖర్చుతో కూడిన ప్రయాణం ఒకటన్నమాట! నవ్వాను గానీ, ఆ మాట నన్ను చాలారోజులు వదల్లేదు. అసలు బస్సనేది మన పల్లెలకి ఎలా వచ్చింది, వచ్చి ముసలివాళ్ళకి ఏం చేసింది అని తిరగేసి చూద్దామనిపించింది.

మా తాతగారి చిన్నతనంలో బస్సులన్నీ ప్రైవేటువే. యజమాని ఆ చుట్టుపక్కల మోతుబరే అయ్యుండేవాడు. 1939లో మోటారు వాహనాల చట్టం వచ్చి పర్మిట్లనీ, టైములనీ కొన్ని కట్టుబాట్లు పెట్టింది గానీ, పల్లెటూరి దారిలో డ్రైవరు మాటే చట్టం. బస్సు నిండితే కదిలేది. నిండకపోతే క్లీనరు ఊరంతా తిరిగి కేకలేసేవాడు. మామ్మగారు ఇంకా చీర మార్చుకుంటోందని కబురొస్తే బస్సు వీధి మొగలో ఆగి ఉండేదట! దిగవలసింది ఎవరైనా సరే, వాళ్ళ గుమ్మం ముందే దిగేవారు.

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకి కరువొచ్చి బొగ్గు బస్సులు వచ్చాయి. బస్సు వెనకాల పెద్ద పొయ్యిలాంటి డబ్బా. క్లీనరు చక్రం తిప్పి తిప్పి గాలి కొడితే బొగ్గు రాజుకుని గ్యాసు తయారయ్యేది. ఎత్తు వస్తే బండి మొరాయించేది. మగవాళ్ళంతా దిగి తొయ్యాలి. ముసలివాళ్ళని మాత్రం దిగనిచ్చేవారు కారట. "మీరు కూచోండి తాతా, మీ బరువెంతలెండి" అనేవారట. ఆ బస్సుల్లో సుఖం లేదు, వేగం లేదు, నమ్మకం అసలే లేదు. ఒక్క మర్యాద మాత్రం ఉండేదని మా తాతగారు అనేవారు. అయితే ఒకటి మరిచిపోకూడదు. ఆ మర్యాద ఊళ్ళో పరపతి ఉన్న ముసలివాళ్ళకే గానీ, గంప నెత్తిన పెట్టుకున్న కూలి ముసలమ్మ కోసం ఏ బస్సూ వీధి మొగలో ఆగి ఉండదు.

అటు నిజాం రాజ్యంలో కథ వేరు. అక్కడ బస్సుల్ని సర్కారే నడిపింది. 1932 జూన్‌లో నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలయింది. ఆర్టీసీ బస్సుల నంబర్లలో 'జెడ్' అక్షరం చూసే ఉంటారు. అది ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరులోని మొదటి అక్షరమని హైదరాబాదు పెద్దలు చెప్పుకుంటారు. నిజమైతే ఎంత ముచ్చటైన సంగతి! ఒక తల్లి పేరు నుదుటిమీద పెట్టుకుని వేలాది బస్సులు తిరిగాయన్నమాట.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1958 జనవరి 11న ఆర్టీసీ పుట్టింది. ఆంధ్ర ప్రాంతంలో ప్రైవేటు బస్సుల్ని జాతీయం చెయ్యాలని మా కృష్ణా జిల్లాలోనే పథకం వేశారు. యజమానులు ఊరుకుంటారా? గుల్లపల్లి నాగేశ్వరరావుగారు మొదలైన వాళ్ళు సుప్రీంకోర్టుకెక్కారు. 1958 నవంబరులో తీర్పు వచ్చింది. మెజారిటీ తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ కోకా సుబ్బారావుగారు. యజమానుల అభ్యంతరాలు విన్నదేమో శాఖ కార్యదర్శి, పథకాన్ని ఖాయం చేసిందేమో ముఖ్యమంత్రి. చెవులొకరివి, సంతకం మరొకరిదీ అయితే ఇక విచారణకి అర్థమేమిటని కోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. విన్నవారే నిర్ణయించాలి అన్న ఆ సూత్రం లా చదివే పిల్లలందరికీ ఇప్పటికీ పాఠం. మన పల్లెటూరి బస్సుల తగువులోంచి పుట్టిన పాఠమని ఎంతమందికి తెలుసు?

అంతటితో అయిపోలేదు. 1964లో కర్నూలు జిల్లా బస్సు రూట్ల కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల మూలంగా ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు పదవికే రాజీనామా చేశారు. పల్లెటూరి బస్సు అంటే అంత చిన్న విషయమేం కాదండీ, ముఖ్యమంత్రి కుర్చీనే కదిపింది!

ఎర్ర బస్సు వచ్చిన కొత్తలో ముసలివాళ్ళు సణిగారట. వీధి మొగలో ఆగదు, స్టేజీ దగ్గరకే వెళ్ళాలి. బేరం లేదు, టిక్కెట్టు టిక్కెట్టే. కానీ ఆ సణుగుడు తొందరలోనే ఆగిపోయింది. ఎందుకంటే బస్సు నిండినా నిండకపోయినా టైముకి కదిలేది. గంప దింపుకున్న కూలి ముసలమ్మకీ, మా తాతగారికీ ఒకే రకం టిక్కెట్టు, పక్కపక్కనే సీటు. వస్తుందన్న నమ్మకం ఉంది చూశారూ, అది మర్యాద కంటే గొప్ప మర్యాద అని నాకిప్పుడు అనిపిస్తోంది.

నా చిన్నప్పుడు మా ఊరికి నైట్‌హాల్టు బస్సు ఉండేది. రాత్రి తొమ్మిదింటికి వచ్చి రావిచెట్టు కింద పడుకునేది. డ్రైవరూ కండక్టరూ పంచాయతీ ఆఫీసు అరుగు మీద పక్కలు వేసుకునేవారు. ఎవరింట్లోంచో మజ్జిగ, ఎవరింట్లోంచో పచ్చడి వెళ్ళేది. తెల్లవారుఝామున అయిదింటికి డ్రైవరు ఇంజను ఆన్ చేసి, ఓ పదినిమిషాలు అలా ఉంచేవాడు. ఆ చప్పుడే ఊరికి అలారం. ఆస్పత్రికి వెళ్ళాల్సిన ముసలివాళ్ళంతా ఆ చప్పుడుకి లేచి నెమ్మదిగా నడుచుకొచ్చేవారు. జనం తువ్వాళ్ళు వేసి సీట్లు ఆపుకునే ఆవస్థ ఆ బస్సులో లేదు. ఉన్నచోటునుంచే బయల్దేరే బస్సు కనక ముసలివాళ్ళు ముందుగా వచ్చి కూర్చునేవారు. పొద్దున్నే పట్నం చేరి, డాక్టరుకి చూపించుకుని, మందులు కొనుక్కుని, మధ్యాహ్నం భోజనం వేళకి ఇంట్లో ఉండేవారు. పిల్లలు దగ్గర లేని వాళ్ళకి ఆ బస్సే కొడుకు.

తర్వాత తర్వాత ఏమయింది? 2000 సంవత్సరంలో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలయ్యాక పల్లెలకి మంచి రోడ్లు పడ్డాయి. రోడ్డు పడితే బస్సులు పెరగాలి కదా? పెరిగింది ఆటోలు. పడుచువాళ్ళు మోటారు సైకిళ్ళు కొనుక్కున్నారు. బస్సుకి కలెక్షను తగ్గింది. కలెక్షను తగ్గితే ట్రిప్పు తగ్గింది. ట్రిప్పు తగ్గితే కనిపెట్టుకుని కూర్చోలేక ఉన్న జనం కూడా ఆటో ఎక్కారు. ఈ చక్రంలో చివరికి స్టేజీ దగ్గర మిగిలింది ఎవరు? బండి నడపలేనివాళ్ళు, ఆటోలో ఒదిగి వేలాడలేనివాళ్ళు. అంటే ముసలివాళ్ళు. 2011 జనాభా లెక్కల్లోనే మన రాష్ట్రంలో పదిమందికి దాదాపు ఒకరు అరవై దాటినవారు. చదువుకున్న పిల్లలు వెళ్ళిపోయిన పల్లెల్లో ఆ పాలు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. మా ఊరి నైట్‌హాల్టు కూడా అలాగే ఆగిపోయింది. ఎవరు ఆపారో, ఎందుకాపారో అడిగితే ఒకరు రోడ్డన్నారు, ఇంకొకరు కలెక్షనన్నారు. ఒకరిని అని ప్రయోజనం లేదు లెండి.

న్యాయం మాట్లాడాలంటే ఏమీ చెయ్యలేదనడానికి లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచీ, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచీ ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. ఆంధ్రలో అరవై దాటిన మగవాళ్ళకి పాతిక శాతం రాయితీ ఉంది. మా పెదనాన్నగారు దాన్ని తలుచుకుని, "మీ పెద్దమ్మ మహారాణి, నేను ముప్పాతిక మనిషిని" అంటారు. జన్మలో చేతికి సొంత రూపాయి లేని ముసలమ్మలు కూతుర్ని చూడ్డానికి ఎవరినీ అడక్కుండా బయల్దేరుతున్నారంటే, దాన్ని చిన్నబుచ్చడానికి నాకు మనసొప్పదు.

కానీ బస్సు మెట్టు? అది మాత్రం ఎవరికీ పట్టలేదు. ప్రైవేటు రోజుల్లోనూ అంతే, ఎర్ర బస్సు రోజుల్లోనూ అంతే, పల్లెవెలుగు రోజుల్లోనూ అంతే. మొదటి మెట్టు మోకాలెత్తు. వృద్ధుల కోసం కేంద్ర ప్రభుత్వం 1999లో ప్రకటించిన జాతీయ విధానంలో ఛార్జీల రాయితీ, సీట్ల కేటాయింపుతోపాటు, సులువుగా ఎక్కి దిగేలా వాహనాల్ని మార్చాలని కూడా రాశారు. రాయితీ వచ్చింది, కిటికీ పైన అక్షరాలూ వచ్చాయి. మెట్టు మాత్రం కిందికి రాలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు ఒకరి నడుం ఒకరు పట్టుకుని ఎక్కుతూనే ఉన్నారు. కండక్టరు 'రైట్ రైట్' అనేలోపల రెండో కాలు లోపల పడాలి.

మొన్న ఊరెళ్ళినప్పుడు పెద్దమ్మతోపాటు పక్క ఊరిదాకా నడిచాను. రెండుచోట్ల కూలబడింది. బస్సొచ్చింది. కండక్టరమ్మాయి చెయ్యందించి పైకి లాగింది. సీటు ఇప్పించింది. పెద్దమ్మ ఊరుకుంటుందా? "కాస్త మా ఊరిదాకా బస్సు తెప్పించు తల్లీ, కల్వర్టు ఇవతలే ఆగినా చాలు, మా ఇల్లు అక్కడికి నాలుగడుగులే" అంది. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని, "నా చేతిలో ఏముంది మామ్మగారూ, నేను వినగలను అంతే" అంది.

నాకు చటుక్కున ఆ 1958 నాటి తీర్పు గుర్తొచ్చింది. వినేవారు ఒకరు, నిర్ణయించేవారు ఇంకొకరు అయితే అది న్యాయం కాదని ఆనాడు బస్సు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి అనిపించుకున్నారు. బస్సు కోసం ఎదురుచూసే వాళ్ళకి అంత దూరం వెళ్ళే ఓపికా లేదు, వెళ్ళడానికి బస్సూ లేదు. ట్రిప్పు తగ్గించేవారూ, మెట్టు ఎత్తు కొలిచేవారూ, ఏడాదికొక్కరోజు ఏదో ఒక పల్లె స్టేజీ దగ్గర ఈ మామ్మగార్ల పక్కన కూర్చుని వింటే చాలు. చెవీ, సంతకమూ ఒకే మనిషివైతే, మా ఊరి బస్సు కల్వర్టు దాకానైనా వస్తుందని నా ఆశ.

పెద్దమ్మ కళ్ళకి శుక్లం ముదిరిందట, ఆపరేషను చెయ్యాలన్నారు. మళ్ళీ రమ్మన్నారు. ఎప్పుడంటే, పొద్దున్న ఎనిమిదింటికి!