జంషెడ్‌పూర్‌లో చదువుకు అప్పు: గురూజీ క్రెడిట్ కార్డు నుంచి విద్యాలక్ష్మి దాకా

జంషెడ్‌పూర్‌కు చదువు అప్పు కొత్త సంగతి కాదు. ఈ ఊరికి పేరిచ్చిన జంషెట్‌జీ టాటా ఉక్కు కర్మాగారం కంటే ముందే, 1892లో, విదేశాల్లో పై చదువులకు వెళ్లేవారి కోసం ఒక నిధి ఏర్పాటు చేశారు. అందులోంచి ఇచ్చేది దానం కాదు, తిరిగి కట్టాల్సిన రుణం. ఆయన దాన్ని కావాలనే అలా పెట్టారు. తీర్చిన డబ్బు మరొకరి చదువుకు పనికొస్తుందన్నది దాని వెనకున్న లెక్క. జే.ఎన్. టాటా ఎండోమెంట్ పేరుతో అది ఇప్పటికీ నడుస్తోంది.

అయితే అది కొద్దిమందికే అందుతుంది. మిగిలినవారికి దారి ప్రభుత్వ పథకాలు, బ్యాంకులే. జార్ఖండ్‌లో ఇప్పుడు కేంద్ర, రాష్ట్ర పథకాలు రెండూ ఉన్నాయి. ఎవరికి ఏది వర్తిస్తుందో తెలియక తిరిగే తల్లిదండ్రుల్లో కదమా, సోనారీ, టెల్కో ప్రాంతాల తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఉక్కు కంపెనీలో పనికని ఉత్తరాంధ్ర నుంచి వచ్చి రెండు మూడు తరాలుగా స్థిరపడినవారు వీరు. వీరి ఇబ్బందులు కొన్ని మిగతావారివే, కొన్ని మాత్రం ప్రత్యేకమైనవి.

రాష్ట్ర పథకం

గురూజీ స్టూడెంట్ క్రెడిట్ కార్డును జార్ఖండ్ ప్రభుత్వం 2022-23 బడ్జెట్‌లో ప్రకటించింది. ఆచరణలోకి వచ్చేసరికి 2024 అయింది. ‘గురూజీ’ అంటే శిబూ సోరెన్. 2025 ఆగస్టులో కన్నుమూసిన ఆ నాయకుణ్ని అక్కడి జనం పిలిచే పేరే పథకానికి పెట్టారు. రుణ పరిమితి 15 లక్షల రూపాయలు. వడ్డీ 4 శాతం, అదీ సాధారణ వడ్డీ. తాకట్టు అక్కర్లేదు. తీర్చడానికి 15 ఏళ్ల వరకు గడువు ఉంది. బ్యాంకు వేసే వడ్డీకీ ఈ 4 శాతానికీ మధ్య తేడాను రాష్ట్ర ప్రభుత్వం భరిస్తుంది. రుణంలో 30 శాతం వరకు కాలేజీ ఫీజుకు బయట వసతి, భోజనం, పుస్తకాలు, ల్యాప్‌టాప్ లాంటి ఖర్చులకు వాడుకోవచ్చు. హాస్టల్ ఖర్చే ఫీజును మించిపోతున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

పేరులో క్రెడిట్ కార్డు ఉందని జేబులో పెట్టుకుని గీకే కార్డు అనుకోవద్దు. ఇది మామూలు విద్యా రుణమే. ఫీజు భాగం నేరుగా కాలేజీకి వెళుతుంది.

ఈ తరహా పథకానికి దారి వేసింది పొరుగున ఉన్న బీహార్. 2016 అక్టోబరు 2న అక్కడ 4 లక్షల పరిమితితో స్టూడెంట్ క్రెడిట్ కార్డు మొదలైంది. పశ్చిమ బెంగాల్ 2021 జూన్‌లో 10 లక్షలతో తెచ్చింది. జార్ఖండ్ దాన్ని 15 లక్షలకు పెంచింది. తెలుగు రాష్ట్రాలు పట్టిన దారి వేరు. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ అప్పు కాదు, తిరిగి కట్టనక్కర్లేదు. ప్రభుత్వం బకాయి పడితే కాలేజీలు సర్టిఫికెట్లు ఆపే బాధ ఆ విధానంలో ఉంది. అప్పు విధానంలో ఆ బాధ ఉండదు, కానీ భారమంతా విద్యార్థి నెత్తిన మిగులుతుంది. రెంటిలో ఏది మేలన్న ప్రశ్నకు కుటుంబ ఆదాయాన్ని బట్టి జవాబు మారుతుంది.

గురూజీ కార్డుకు ప్రధాన నిబంధన, పాఠశాల చదువు జార్ఖండ్‌లో చేసి ఉండటం. తెలుగు కుటుంబాలు ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే. పదో తరగతి కాగానే పిల్లల్ని విజయవాడకో హైదరాబాదుకో ఇంటర్‌కు పంపడం చాలా ఇళ్లలో అలవాటు. అలా పంపితే రాష్ట్ర పథకం అర్హత చిక్కుల్లో పడవచ్చు. ఇంకో నష్టం కూడా ఉంది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి కేటాయిస్తారు. సొంత రాష్ట్రం ఏదన్నది పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారన్న దాన్ని బట్టి తేలుతుంది. సాక్చీలో పుట్టి పెరిగిన పిల్ల విజయవాడలో ఇంటర్ రాస్తే ఆ లెక్కలో ఆంధ్రప్రదేశ్ అమ్మాయి అవుతుంది, ఇంటి పక్కనున్న ఎన్‌ఐటీ జంషెడ్‌పూర్‌లో పరాయి రాష్ట్రం కోటాలో పోటీ పడాలి.

కేంద్ర పథకం

పీఎం విద్యాలక్ష్మికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 6న ఆమోదం తెలిపింది. ఎంపిక చేసిన సుమారు 860 నాణ్యమైన విద్యాసంస్థల్లో సీటు వస్తే తాకట్టు, పూచీకత్తు లేకుండా రుణం ఇవ్వాలన్నది దీని సారాంశం. 7.5 లక్షల వరకు రుణానికి కేంద్రం 75 శాతం గ్యారంటీ ఇస్తుంది. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు రుణంపై మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఏటా లక్ష మంది కొత్త విద్యార్థులకు అందుతుంది. ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి సాంకేతిక, వృత్తి కోర్సులు చదివేవారికి మారటోరియం కాలపు వడ్డీ మొత్తాన్నీ కేంద్రమే కట్టే పథకం 2009 నుంచే ఉంది. మేనేజ్‌మెంట్ కోటా సీట్లకు విద్యాలక్ష్మి వర్తించదు.

కేంద్ర సంస్థ కాబట్టి ఎన్‌ఐటీ జంషెడ్‌పూర్ ఈ జాబితాలోకి వస్తుంది. ర్యాంకు బలంతో ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ కూడా వస్తుంది. అయితే ఈ రెంటికీ అప్పు అవసరం ఒకేలా ఉండదు. ఎన్‌ఐటీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 1.25 లక్షలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు, ఆదాయం లక్ష లోపు ఉన్నవారికి అది పూర్తిగా మాఫీ. లక్ష నుంచి 5 లక్షల మధ్య ఆదాయం ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఈ మాఫీని లెక్కలోకి తీసుకోకుండా ముందే పెద్ద అప్పుకు దరఖాస్తు చేయడం తెలివైన పని కాదు. ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ రెండేళ్ల కోర్సు ఫీజు 25 లక్షలు దాటుతుంది. అక్కడ బ్యాంకులే పిలిచి అప్పిస్తాయి. ఉద్యోగం దాదాపు ఖాయమని వాటికి తెలుసు.

చిక్కంతా ఈ జాబితాలో లేని కాలేజీల్లో చేరేవారితోనే. అప్పు అవసరం ఎక్కువ, బ్యాంకుకు నమ్మకం తక్కువ. వీరికి మిగిలేది ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ 2001లో రూపొందించిన నమూనా పథకం. అందులో 4 లక్షల వరకు తల్లిదండ్రుల సంతకం చాలు. ఆపైన దేశంలో చదువుకు 5 శాతం, విదేశీ చదువుకు 15 శాతం సొంత డబ్బు పెట్టాలి. 7.5 లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు.

జంషెడ్‌పూర్‌లో ఈ తాకట్టు మాట దగ్గరే చాలా దరఖాస్తులు ఆగిపోతాయి. ఊరిలో చాలా భాగం కంపెనీ లీజు భూమి. కంపెనీ క్వార్టర్‌లో ముప్పై ఏళ్లు ఉన్నా అది కుదువ పెట్టే ఆస్తి కాదు. శ్రీకాకుళంలో తాతల నాటి ఎకరం ఉన్నా, అది అన్నదమ్ముల ఉమ్మడి పేరు మీద ఉంటే బ్యాంకు ముట్టుకోదు. ఆదివాసీ కుటుంబాల పరిస్థితి మరీ విచిత్రం. వారికి సొంత భూమి ఉంటుంది, కానీ 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం దాని బదిలీపై గట్టి ఆంక్షలు పెట్టింది. భూమి పరాధీనం కాకుండా కాపాడిన ఆ చట్టమే, అమ్మి రాబట్టుకోలేని ఆస్తి అని బ్యాంకు వెనకాడేలా చేస్తుంది. చట్టాన్ని సడలించడం దీనికి పరిష్కారం కాదు. తాకట్టు లేని రుణమే సరైన జవాబు. గురూజీ కార్డు విలువ వడ్డీ కంటే ఇక్కడే ఎక్కువ.

కుల ధ్రువపత్రాల సంగతి కూడా చెప్పాలి. ఒక రాష్ట్రంలో ఉన్న ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో దానంతట అది వర్తించదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో తీర్పు ఇచ్చింది. ఆంధ్ర నుంచి మహారాష్ట్రకు వెళ్లిన ఒక విద్యార్థి కేసే అది. కాబట్టి సొంత రాష్ట్రపు ధ్రువపత్రంతో కేంద్ర సంస్థల్లో రిజర్వేషన్ పొందవచ్చు గాని, జార్ఖండ్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ అడగడం కష్టం. వలస కుటుంబాల పిల్లలు స్కాలర్‌షిప్ కంటే అప్పు మీద ఎక్కువ ఆధారపడటానికి ఇదొక కారణం.

లెక్క ఎలా తేలుతుంది?

నాలుగేళ్ల బీటెక్‌కు ఏటా 2 లక్షల చొప్పున 8 లక్షలు తీసుకున్నారనుకుందాం. చదువు నాలుగేళ్లు, ఆపైన ఒక ఏడాది కిస్తీ ఉండదు, కానీ వడ్డీ పడుతూనే ఉంటుంది. 10 శాతం సాధారణ వడ్డీ అయితే ఆ కాలానికి 2.80 లక్షలు, 4 శాతమైతే 1.12 లక్షలు. ఆ తర్వాత పదేళ్లలో తీర్చాలంటే నెల కిస్తీ మొదటిదానికి సుమారు 14,270, రెండోదానికి సుమారు 9,230 రూపాయలు. నెలకు 5 వేల తేడా. ఆదిత్యపూర్‌లోని ఒక చిన్న కంపెనీలో మొదటి ఉద్యోగం చేసేవారికి ఇంటి అద్దె అంత.

వృత్తి శిక్షణ రుణాలు

ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడకు కావలసింది ఎక్కువగా ఫిట్టర్లు, వెల్డర్లు, సీఎన్‌సీ ఆపరేటర్లు. వారి చదువుకు అప్పు దొరకడమే కష్టం. 2015 నాటి స్కిల్ లోన్ పథకం 5 వేల నుంచి 1.5 లక్షల వరకే పరిమితం. మెషీన్ల మీద నేర్పే మంచి కోర్సులకు ఆ మొత్తం చాలేది కాదు. 2024 జులైలో పరిమితిని 7.5 లక్షలకు పెంచారు. తాకట్టు లేదు, గ్యారంటీ కేంద్రానిదే. అయినా చేరే కోర్సు గుర్తింపు పొందిన జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టాలి. సందుకొకటిగా వెలిసిన శిక్షణ కేంద్రాలన్నిటికీ ఇది వర్తించదు.

బ్యాంకు కాదంటే?

మీ ఇల్లు మా బ్రాంచి పరిధిలో లేదు అనే మాట చాలామంది విన్నదే. ఆ కారణంతో విద్యా రుణం నిరాకరించకూడదని రిజర్వు బ్యాంకు 2012 నవంబరులోనే స్పష్టం చేసింది. దరఖాస్తు చేతికిచ్చి ఊరుకోకుండా రసీదు తీసుకోవాలి, నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి. కాగితం మీద ఏమీ లేకపోతే లీడ్ బ్యాంకు మేనేజర్ దగ్గరకో, అంబుడ్స్‌మన్ దగ్గరకో వెళ్లినా చెప్పుకోవడానికి ఆధారం ఉండదు. సిబిల్ స్కోరు తక్కువుందన్న ఒక్క కారణంతో విద్యార్థికి రుణం నిరాకరించరాదని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది. ఆ తీర్పు జార్ఖండ్ బ్యాంకులను నేరుగా కట్టిపడేయకపోయినా, అర్జీలో ప్రస్తావించవచ్చు.

సహ రుణగ్రహీతగా సంతకం పెట్టే తండ్రి రిటైర్మెంటుకు ఎన్నేళ్లుందో కూడా చూసుకోవాలి. చాలా ఇళ్లలో కిస్తీలు మొదలయ్యే ఏడాదీ, జీతం ఆగి క్వార్టర్ ఖాళీ చేసే ఏడాదీ ఒకటే అవుతున్నాయి. కిస్తీ 90 రోజులు దాటి ఆగితే ఖాతా మొండి బకాయి అవుతుంది, ఆ మచ్చ తండ్రి కొడుకులిద్దరి పేరు మీదా పడుతుంది. ఉద్యోగం ఆలస్యమయ్యేలా ఉంటే, గడువు తప్పకముందే బ్యాంకును మారటోరియం పొడిగింపు కోరాలి. కిస్తీ కట్టడం మొదలయ్యాక, పాత పన్ను విధానంలో ఉన్నవారు సెక్షన్ 80ఈ కింద వడ్డీ మొత్తాన్ని 8 ఏళ్ల పాటు ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు. అసలుకు ఆ మినహాయింపు లేదు.